మంగళవారం రక్తం, గురువారం రక్తం

మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళు నా సూదికంటే నా నోటికే ఎక్కువ భయపడేవారు. పరగడుపున రమ్మంటే టీ తాగి వచ్చినవాణ్ణీ, సీసా మీద పేరు రాయకుండా పంపిన నర్సునీ ఒకేలా దులిపేసేదాన్ని. కోనసీమలో పుట్టి, కాకినాడలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, ఇరవై ఏడేళ్ళ వయసులో కువైట్ వచ్చాను. మహబూలాలో రోడ్డు పక్కన ఉండే చిన్న ప్రైవేటు క్లినిక్ అది. కింద డాక్టరు గది, నా ల్యాబు. పైన నేనూ, ఒక మలయాళీ నర్సూ ఉండే గది. ల్యాబంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక మైక్రోస్కోపు, రక్తం తిప్పే సెంట్రిఫ్యూజి, ఒక ఫ్రిజ్, రంగుని బట్టి రక్తంలో హార్మోను ఎంతుందో చెప్పే ఒక యంత్రం. ఆ యంత్రం మీద నా పెత్తనం అంతా ఇంతా కాదు. ఎవరైనా దాని మీద కప్పు పెట్టబోతే చెయ్యి విరగ్గొడతానని బెదిరించేదాన్ని.

తొంభయ్యో సంవత్సరం జూలై నెలాఖరు మంగళవారం పొద్దున్న ఒక కడప అమ్మాయి వచ్చింది. ఎగైలాలో ఒక కువైటీ ఇంట్లో వంటపని చేసేది. పాతికేళ్ళుంటాయేమో. భర్త వఫ్రాలో ఒక తోటలో పనివాడు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దయ తలిచినప్పుడు నెలకి ఒకటి రెండుసార్లు వచ్చి చూసిపోయేవాడు. ఆమెకి నెల తప్పి వారం దాటింది. రెండు రోజులుగా కొంచెం ఎర్రగా కనబడుతోందని హడలిపోయి వచ్చింది. అంతకుముందు ఊళ్ళో ఉండగా రెండు కడుపులు మూడో నెల దాటకుండానే పోయాయట. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం గోడకేసి చూస్తూ చెప్పింది.

మా డాక్టరమ్మ ఉత్తరాది మనిషి, యాభై దాటిన ఆవిడ. మాతో హిందీలో మాట్లాడేవారు. ఆ అమ్మాయిని పరీక్ష చేసి చీటీ మీద రెండు హార్మోను పరీక్షలు రాసి, కింద "మళ్ళీ గురువారం" అని రాసి గీత గీసి నా దగ్గరికి పంపారు.

ఆ అమ్మాయి చెయ్యి చాపి కూర్చుంది గాని నన్ను సూది గుచ్చనివ్వలేదు.

"ఉచ్చ పరీక్షలో కడుపేనని తేలిపోయె గదక్కా. మళ్లా రక్తమేంటికి?"

"అది ఉందా లేదా అనే చెప్తుందమ్మా. లోపల బావుందో లేదో చెప్పదు."

"రక్తం జెప్తాదా?"

ఇంకెవరైనా అయితే కసిరేసి సూది గుచ్చేదాన్ని. ఆ అమ్మాయి అడిగిన తీరులో బెదురుకంటే పట్టుదల ఎక్కువుంది. అందుకని స్టూలు లాక్కుని కూర్చుని చెప్పాను. పిండం గర్భసంచికి అతుక్కున్న చోటునుంచి ఒక హార్మోను తల్లి రక్తంలోకి వస్తుంది. పిండం బాగా పెరుగుతుంటే ఈ మొదటి వారాల్లో అది రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతూ పోతుంది. ఇవాళ ఎంతుందో చూస్తే పెద్దగా ఏమీ తెలీదు. ఒకరికి వందే ఉంటుంది, ఇంకొకరికి వెయ్యి ఉంటుంది, ఇద్దరూ చక్కటి పిల్లల్ని కంటారు. రెండ్రోజులాగి మళ్ళీ తీసి, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. పెరగాల్సినంత పెరిగితే మంచిది. పెరక్కపోతే బిడ్డ నిలవడం లేదనో, గర్భసంచిలో కాకుండా గొట్టంలో కూర్చుందనో అనుమానించాలి. గొట్టంలో కూర్చుంటే తల్లి ప్రాణానికే ముప్పు.

"రెండోదో?"

"అది గర్భసంచి లోపలి పొరని నిలిపి ఉంచే హార్మోను. అది బాగా తక్కువుంటే డాక్టరమ్మ ఏం చెయ్యాలో చూస్తారు."

"స్కానింగులో కనపడదా అక్కా?"

"అయిదు వారాలకి స్కానింగులో ఏం కనబడుతుందే, నా మొహం! ఆ తీసే ఆయన కూడా సెలవు పెట్టి ఊరెళ్ళేడు. ఇప్పటికి మనకి రక్తమే దిక్కు. లక్ష్మివారం పొద్దున్న పదింటికి రా. పదంటే పదే. సరిగ్గా నలభై ఎనిమిది గంటలు."

"బేస్తవారం పది," అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, అప్పుడు చెయ్యిచ్చింది.

రెండో హార్మోను చేసే సదుపాయం మా దగ్గర లేదు. దాని సీసా సిటీలోని పెద్ద ల్యాబుకి పంపాను. మొదటిది నేనే చేశాను. నాలుగు వందల ఇరవై వచ్చింది. ఆ పరీక్షతో కిట్టు అయిపోయింది. కిట్టంటే ఆ పరీక్షకి కావలసిన మందులూ, చిన్న చిన్న గుంటలుండే ప్లాస్టిక్ ప్లేటూ ఉన్న పెట్టె. గురువారం కొత్తది పంపుతానని ఏజెంటు ఫోన్లో చెప్పాడు. పరీక్ష చేయగా మిగిలిన రక్తపు తేటని చీటీ అంటించి ఫ్రీజర్లో పెట్టాను. ఎవరిది మిగిలినా నెల రోజులు దాచడం నా అలవాటు. ఐస్‌క్రీమ్ పెట్టుకోవడానికి చోటు లేదని నర్సు నన్ను తిడుతూ ఉండేది.

గురువారం తెల్లవారేసరికి ఫోన్లు మోగడం మొదలైంది. ఇరాక్ సైన్యం సరిహద్దు దాటేసిందని ఒకరు, సిటీలో ట్యాంకులు తిరుగుతున్నాయని ఒకరు. మేడ మీదికెక్కి చూస్తే ఉత్తరాన పొగ కనిపించింది. నర్సు మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. పక్క బిల్డింగులో ఉండే డాక్టరమ్మ ఇంటి చెప్పులతోనే వచ్చేశారు. రోడ్డు మీద కార్లన్నీ సౌదీ వైపుకే పోతున్నాయి, వాటి నెత్తిన పరుపులు, సూట్‌కేసులు. కిందికి వెళ్ళి తలుపు గడియ పెట్టేద్దామా అనుకుంటుండగా ఎవరో తలుపు దబదబా బాదారు.

తీసి చూస్తే కడప అమ్మాయి. ముఖమంతా చెమట, చెప్పుల నిండా ఇసుక. ఎగైలా నుంచి నడిచొచ్చింది.

"ఒసే, నీకు మతుందా? బయట యుద్ధం జరుగుతుంటే ఎలా వచ్చేవే?"

"పది గంటలంటివి గదక్కా!"

గోడ గడియారం చూశాను. పదికి ఇంకా అయిదు నిమిషాలుంది.

"దావంతా కార్లేనక్కా. మా మామా వాళ్ళు సామాను కార్లో ఏసుకుంటాండారు. సౌదీకి పోతారంట. యల్లా, నువ్వూ ఎక్కు అనె మామా. నేను రానంటి. నా మొగుడు వఫ్రాలో ఉండాడు, నాకు పదికి రక్తమియ్యాల అంటి. ఇంటి తాళం నా చేతిలో పెట్టి పోయిరి."

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు, పనివాళ్ళు అలాగే పిలుస్తారు. ఏసీ కార్లో కూర్చుని దేశం దాటే అవకాశం కాళ్ళ దగ్గరికొస్తే, రక్తం ఇవ్వాలని వదులుకుని వచ్చింది ఈ పిల్ల. ఆ క్షణాన ఆ అమ్మాయి మీద నాకు పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి, మంచినీళ్ళిచ్చి, సరిగ్గా పదింటికి రక్తం తీశాను.

ఇక పరీక్ష. కొత్త కిట్టు రాదని తెలుస్తూనే ఉంది. సిటీ నుంచి అసలు ఏదీ రావడం లేదు. ఫ్రిజ్‌లో వెనకాల ఇంకో కంపెనీ కిట్టు ఒకటుంది. ఆ కంపెనీ మనిషి నెల కిందట వాడి చూడమని ఉచితంగా ఇచ్చి వెళ్ళాడు. దాన్ని తీశాను. ఒక పక్క హెలికాప్టర్ల మోత, ఒక పక్క నర్సు ఏడుపు, ఇంకో పక్క "అయిందా, అయిందా?" అని డాక్టరమ్మ. చేతులు వాటంతటవే పనిచేశాయి. మధ్యాహ్నానికి యంత్రం అంకె చూపించింది.

నాలుగు వందల అయిదు.

మళ్ళీ చూశాను. మంగళవారం నాలుగు వందల ఇరవై, గురువారం నాలుగు వందల అయిదు. పెరగలేదు సరికదా, కాస్త తగ్గింది. రిజిస్టర్లో రాసి డాక్టరమ్మకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశారు.

శుక్రవారం ఎవరూ కదల్లేదు. గురువారం రక్తమిచ్చిన వెంటనే ఎగైలా వెళ్ళిపోయిన ఆ అమ్మాయి, శనివారం ఫలితం కోసం మళ్ళీ నడిచొచ్చింది. డాక్టరమ్మ హిందీలో చెబుతుంటే నేను తెలుగులో చెప్పాను. ఈ బిడ్డ నిలిచేలా లేదు. గొట్టంలో ఉందేమోనని కూడా అనుమానం. డాక్టరమ్మ రేపో మాపో తమ్ముడి కార్లో వెళ్ళిపోతున్నారు. ఆవిడ వెళ్ళాక చూసే దిక్కుండదు. పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే దారి పొడుగునా సైన్యం. నువ్వు ఎడారి దారిలో ఏ బస్సులోనో ఉండగా రక్తస్రావం మొదలైతే ప్రాణం పోతుంది. అందుకని ఆదివారం పొద్దున్నే గర్భసంచి శుభ్రం చేసేస్తారు. లోపల ఏమీ దొరక్కపోతే గొట్టంలోనే ఉన్నట్టు, అప్పుడు సైన్యం ఉన్నా సరే పెద్దాసుపత్రికే. నీ భర్తని పిలిపించుకో.

ఆ అమ్మాయి ఏడవలేదు. చాలాసేపు తన చెయ్యి మడతలో ఉన్న సూది మచ్చనే చూసుకుంది.

"ఇంకోతూరి తీసి సూడక్కా. ఒకే ఒక్క తూరి."

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నాకు సిగ్గే. "రక్తం అబద్ధం చెప్పదమ్మా!" అని గట్టిగా కసిరాను. లోపల ఏడుపు తన్నుకొస్తుంటే నాకు తెలిసిన దారి కసరడమొక్కటే. ఆ అమ్మాయి తలూపి, మెల్లిగా లేచి, వెళ్ళి ఫోను దగ్గర నిలబడింది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికల్లా భార్యాభర్తలిద్దరూ వచ్చారు. అతను తోట వాళ్ళ పికప్ అడిగి తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికల్లా బండి వెనక్కి ఇవ్వాలట, ఆ తర్వాత దారి మూసేస్తున్నారట. సన్నగా, ఎండకి నల్లగా మాడిపోయిన మనిషి. టోపీ చేత్తో నలుపుతూ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ లోపల పనిముట్లు ఉడకబెడుతున్నారు. నేను ఆపరేషనుకి ముందు చూసే మామూలు పరీక్షల కోసం ఆ అమ్మాయి రక్తం తీస్తున్నాను.

సూది బయటికి తీశానో లేదో ఆ అమ్మాయి నన్ను నెట్టేసి సింకు దగ్గరికి పరుగెత్తింది. కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

"నిన్నట్నుంచి ఇట్లేనక్కా. ఉల్లిగడ్డ వాసన గూడా పడల్యా."

"నిన్నట్నుంచేనా? అంతకుముందు లేదా?"

"ల్యా. నిన్నే మొదులైనాది."

వేవిళ్ళతోనే ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. హార్మోను పడిపోయాక కూడా కొందరికి వాంతులుంటాయి. కానీ తగ్గిపోతున్న హార్మోనుకి కొత్తగా వేవిళ్ళు మొదలవడమేంటి? ఆ ప్రశ్న బుర్రలో దూరి కదలనంది. రిజిస్టరు తెరిచి గురువారం పేజీ చూశాను. పేరు, టైము, అంకె, సంతకం, అన్నీ ఉన్నాయి. చివర ఒక గడి ఖాళీగా ఉంది.

అది కంట్రోల్ గడి.

కంట్రోల్ అంటే ఏమిటో చెబుతాను. ప్రతిసారీ రోగి రక్తంతో పాటు, ఎంత హార్మోను ఉందో మనకి ముందే తెలిసిన ఒక తేటని కూడా పక్క గుంటలో వేసి పరీక్ష చేయాలి. దాని అంకె సరిగ్గా వస్తేనే మిగతా అంకెల్ని నమ్మాలి. కాకినాడలో మాకు చెప్పిన మొదటి పాఠం అది. ఈ ల్యాబుకొచ్చిన అయిదేళ్ళలో ఒక్కరోజు కూడా తప్పలేదు. తప్పిన ఒక్క రోజూ ఆ గురువారమే. కిట్టు పెట్టెలోంచి కాగితం లాగి, చీమల్లాంటి అక్షరాల్ని వేలు పెట్టి చదివాను. అడుగున ఒక వాక్యం ఉంది. ఈ కంపెనీ వాడే కొలత ప్రమాణం వేరు. పాత కిట్టు ప్రమాణంతో చూస్తే దీని అంకెలు దాదాపు సగమే వస్తాయి.

సగం! అంటే గురువారం నాలుగు వందల అయిదు, పాత లెక్కలో ఎనిమిది వందల పైమాటేనా?

నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలని ఆ పిల్లకి స్టూలేసుకుని మరీ పాఠం చెప్పినదాన్ని, రెండు వేర్వేరు కొలతల అంకెల్ని పక్కన పెట్టి ఒక బిడ్డని తీసేయమని చెప్పేశాను. డాక్టరమ్మ గదిలోకి ఒక్క గెంతులో వెళ్ళాను. ఆవిడ అప్పటికే గ్లవ్స్ తొడుక్కుని ఉన్నారు.

"ఆగండి మేడమ్! నా రిజల్టు తప్పు. తప్పయి ఉండొచ్చు. నాకు మూడు గంటలు కావాలి."

"మూడు గంటలా? అతను రెండింటికి బండి ఇవ్వాలి. నేను రేపు తెల్లారి వెళ్ళిపోతున్నాను. ఎవరి మీద ఆధారపడి ఆగమంటావ్?"

కిట్టు కాగితం ఆవిడ ముఖం ముందు పెట్టి, చెప్పాల్సిందంతా ఊపిరి తీసుకోకుండా చెప్పాను. మంగళవారం తేట ఫ్రీజర్లో ఉంది. గురువారంది ఉంది. ఇవాళ్టి రక్తం ఇప్పుడే తీశాను. మూడూ ఒకే ప్లేటులో, ఒకే కిట్టుతో, కంట్రోల్ పెట్టి చేస్తాను. అప్పటికీ పెరగలేదంటే మీ ఇష్టం.

"తప్పు నీదని ఒప్పుకుంటున్నావా?" అన్నారు ఆవిడ.

"ఒప్పుకుంటున్నాను. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"నా కాళ్ళెందుకు? రిజల్టు పట్టుకురా," అంటూ గ్లవ్స్ విప్పి బుట్టలో పడేశారు.

మొగుడూ పెళ్ళాలకి ఇంకా ఏమీ చెప్పలేదు. లేనిపోని ఆశ పెట్టి మళ్ళీ తుంచేసే ధైర్యం నాకు లేదు. "ఇంకోసారి చూస్తున్నాను, కూర్చోండి," అన్నాను అంతే. ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసింది. ఏం కనబడిందో ఏమో, భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పని మొదలుపెట్టాను. జీవితంలో అంత జాగ్రత్తగా ఎప్పుడూ చేయలేదు. తేటలు కరిగించడం, ఒక్కొక్క చుక్కా కొలిచి గుంటల్లో వేయడం, కంట్రోల్ వేయడం, ప్లేటు మూసి గంటసేపు ఆగడం, కడగడం, మళ్ళీ ఇంకో మందు వేసి ఆగడం. కరెంటు పోతే అంతా వృథా. ట్యూబ్‌లైటు రెపరెపలాడినప్పుడల్లా నా ప్రాణం రెపరెపలాడింది.

రెండో గంట నడుస్తుండగా బూట్ల చప్పుడైంది. ముగ్గురు ఇరాకీ సైనికులు లోపలికొచ్చారు. కట్లు కట్టే గుడ్డలు, మాత్రలు కావాలన్నారు. నర్సు అల్మారా తెరిచింది. దొరికింది దొరికినట్టు సంచిలో వేసుకున్నారు. డాక్టరమ్మ టేబుల్ ఫ్యాను కూడా తీసుకున్నారు. ఒకతను నా ల్యాబులోకి వచ్చి, నా యంత్రం మీద చెయ్యి వేసి తట్టి చూశాడు. ప్లేటు దాని పక్కనే ఉంది.

భయపడాలి కదా? నాకు ఒళ్ళు మండిపోయింది.

"యర్ఖాన్!" అని అరిచాను. కామెర్లకి అక్కడి మాట అదే. "ఇదంతా యర్ఖాన్ రక్తం! ముట్టుకుంటే నీ కళ్ళు పచ్చబడతాయ్! మమ్నూ! ఖలాస్! పో బయటికి!" సగం అరబ్బీ, సగం కోనసీమ. అతను కాలినట్టు చెయ్యి లాక్కుని ప్యాంటుకి తుడుచుకున్నాడు. వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు. బండి వెళ్ళిన చప్పుడయ్యాక ప్లేటు మీదికి వంగి చూశాను, ఒక్క గుంట కూడా చెదరలేదు. తలుపు దగ్గర నిలబడి అంతా చూసిన కడప అమ్మాయి, "ఏం నోరక్కా నీది! మిలట్రీవోడు గూడా జడుచుకునె!" అంది. ఆ ముఖంలో నవ్వు చూడడం అదే మొదటిసారి.

చివరి మందు వేశాను. రంగు తేల్చే మందు అది. హార్మోను ఎంత ఎక్కువుంటే గుంటలో నారింజ రంగు అంత చిక్కగా వస్తుంది. ప్లేటుని తెల్ల కాగితం మీద పెట్టి వంగి చూస్తూ నిలబడ్డాను. మొదట మూడూ నీళ్ళలాగే ఉన్నాయి. కాసేపటికి మంగళవారం గుంటలో లేత రంగు పొడచూపింది. పక్కన గురువారం గుంట దానికంటే చిక్కబడింది. ఆ పక్కన ఆదివారం గుంట చూస్తుండగానే ముదిరిపోయింది. యంత్రం అక్కర్లేదు. పసిపిల్లలకి చూపించినా ఏది తక్కువో ఏది ఎక్కువో చెప్పేస్తారు.

"మేడమ్! మేడమ్! పరుగెత్తుకు రండి!" నా అరుపుకి నర్సు మళ్ళీ సైనికులొచ్చారనుకుని బల్ల కింద దూరింది.

డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని ప్లేటు మీదికి వంగారు. యంత్రం అంకెలు చూపిస్తుంటే ఇద్దరం ఒకేసారి చదివాం. మంగళవారం రెండు వందల ఎనిమిది. గురువారం నాలుగు వందల పదిహేను. ఆదివారం వెయ్యీ రెండు వందలకి పైగా. కంట్రోల్ కూడా కాగితంలో చెప్పినట్టే, పాత అంకెలో సరిగ్గా సగం.

"రెట్టింపైంది," అన్నారావిడ. "రెండు రోజుల్లో రెట్టింపు. ఆ మూడు రోజుల్లో దాదాపు మూడింతలు. ఇలా పెరుగుతోందంటే గొట్టంలో ఉండే అవకాశం చాలా తక్కువ." అంటూ కుర్చీలో కూలబడి, ఆ ఆపరేషను చీటీని ముక్కలు ముక్కలుగా చింపేశారు. ఇంకాసేపు కూర్చుని, నా భుజం పట్టుకుని లేచారు.

నేను హాల్లోకి వెళ్ళాను. వాళ్ళిద్దరూ లేచి నిలబడ్డారు.

"అమ్మాయ్! నీ బిడ్డ పెరుగుతోంది! చక్కగా పెరుగుతోంది! తప్పు నీ కడుపుది కాదు, నాది. రెండుసార్లూ ఒకే కొలతతో కొలవాలి. నేను వేరే వేరే కొలతలతో కొలిచి, రెండూ ఒకటే అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది. నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం!"

అతను నిలబడ్డచోటే నేల మీద కూలబడి, టోపీలో ముఖం దాచుకుని పెద్దగా ఏడ్చేశాడు. ఆ అమ్మాయి మాత్రం నన్నే చూస్తూ లెక్కలేసుకుంది.

"అంటే మంగళవారం చిన్న పడితో కొలిచి, బేస్తవారం పెద్ద పడితో కొలిచినావా అక్కా?"

"అవునమ్మా. అచ్చంగా అదే చేసేను."

"మా ఊర్లో వడ్లు కొలిచే ముసిలోడు గూడా ఆ తప్పు చేయడు గదక్కా! ఇంత సదువు సదివి!" అని నా చెంప మీద ఒక్కటి వేసింది, ఉత్తుత్తిగా. ఆ తర్వాత నా మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఏడ్చి ఏడ్చి నవ్వాం. "రోంత అన్నముంటే పెట్టక్కా, కడుపులో కాలిపోతాంది," అంది. పైనుంచి గిన్నెడు పెరుగన్నం తెచ్చాను. మొత్తం తినేసింది. ఒక్క ముద్ద కూడా కక్కలేదు.

రెండో హార్మోను కోసం సిటీకి పంపిన సీసా సంగతి ఇక ఎప్పటికీ తెలియలేదు. డాక్టరమ్మ అన్నమాట ప్రకారం మర్నాడు తెల్లారి వెళ్ళిపోయారు. వెళ్తూ ఆ అమ్మాయికి ఏం తినాలో, ఎంత విశ్రాంతి తీసుకోవాలో, ఏం కనబడితే భయపడాలో కాగితం నిండా రాసి, నాకు ఒప్పజెప్పారు. నేను దాన్ని తెలుగులో తిరగరాసి ఇచ్చాను. పది రోజుల తర్వాత సైనికులు ట్రక్కుతో మళ్ళీ వచ్చి, నా యంత్రాన్ని ఫ్రిజ్‌తో సహా ఎత్తుకుపోయారు. ఈసారి కామెర్ల మాట పనిచేయలేదు. పోనీ, అనుకున్నాను. దానితో నేను చేయాల్సిన పని అప్పటికే చేసేశాను.

ఆగస్టు చివర్లో మొగుడూ పెళ్ళాలు బాగ్దాద్ మీదుగా జోర్డాన్ వెళ్ళే బస్సెక్కారు. కిటికీ పక్క సీటు, కాళ్ళు చాపుకునే వీలు, దారిలో తాగడానికి నీళ్ళు, అన్నీ నేనే డ్రైవరుతో పోట్లాడి ఏర్పాటు చేశాను. మా ఊరి చిరునామా రాసిచ్చి, ఏదైనా సరే తెలియజేయమన్నాను. సెప్టెంబరులో నేనూ అదే దారిన ఇల్లు చేరాను.

ఆ తర్వాత ఏడు నెలలు నేను ఎవరికీ చెప్పకుండా రోజులు లెక్కపెట్టుకున్నాను. మూడో నెల దాటి ఉంటుంది, అయిదో నెల వచ్చి ఉంటుంది, ఇప్పుడు కదులుతూ ఉంటుంది. ఆ ఎడారి దారి గుర్తొచ్చినప్పుడల్లా అన్నం సహించేది కాదు. ఉత్తరం లేదు, కబురు లేదు. పెళ్ళి మాటలు మాట్లాడ్డానికి ఎవరొచ్చినా నా మనసు వీధిగుమ్మం దగ్గరే ఉండేది.

ఏప్రిల్ మొదట్లో ఒక మధ్యాహ్నం టెలిగ్రాం వచ్చింది. కడప జిల్లా నుంచి. ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. అంతే ఉంది. చదివీ చదవగానే వాకిట్లోనే గెంతులేశాను. "పుట్టేసింది! పుట్టేసింది!" అని నా కేకలకి పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చారు. పోస్టుమాన్ బిత్తరపోయి నిలబడ్డాడు. మా అమ్మ వంటింట్లోంచి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చి, పెళ్ళికాని కూతురు కువైట్ నుంచి వచ్చి ఇలా అరుస్తుంటే ముఖం పాలిపోయి, "ఎవరే? ఎవరు పుట్టేరే?" అని నా భుజాలు పట్టి కుదిపింది.

నవ్వూ ఏడుపూ కలిసిపోయి నాకు ఊపిరాడలేదు.

"నేను చంపబోయిన పిల్ల అమ్మా!" అన్నాను. "పుట్టేసింది!"